పెద్దమ్మ పింపుల్స్ బ్యాటు

పోయిన నెలలో ఒక పొద్దున, మెడికల్ షాపు షట్టరు ఎత్తుతుంటే అమ్మ ఫోన్ చేసింది. "అక్క లేస్తా లేదే. కాఫీ తీస్కొని పైకి పోతే ఇంగా పండుకోనే ఉండాది. సెయ్యి పట్టుకుంటే సల్లగుండాది. వణుకు గూడ లేదు" అంది. ఎత్తిన షట్టరు మళ్ళీ దించి, స్కూటీ తీసుకుని ఇంటికి వచ్చేశాను.

మా వీధి డాక్టరు వచ్చి చూశాడు. నిద్రలోనే పోయిందనీ, ఏ బాధా పడి ఉండదనీ చెప్పాడు. ఆ మాట విన్నాక నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, పెద్ద ఊపిరి. హమ్మయ్య అనుకున్నాను. సొంత పెద్దమ్మ మంచం పక్కన నిలబడి హమ్మయ్య అనుకునే మనిషి ఎలాంటిదో అని మీకు అనిపిస్తే నేనేం చేయలేను. ఏడుపు సాయంత్రానికి వచ్చింది, కావలసినంత వచ్చింది. కానీ ముందు వచ్చింది మాత్రం ఆ ఊపిరే.

పెద్దమ్మకు చావంటే భయం ఉండేది కాదు. "పోతే పోతా, దాంట్లో ఏముండాది? నన్ను చూసి ఎవురైనా అయ్యో పాపం అంటేనే నాకు పడదు" అనేది. చివరి మూడేళ్ళు ఆమెకు పార్కిన్సన్స్ ఉండేది, అంటే మా ఇంట్లో అనేట్టు వణుకుడు జబ్బు. దానికి వాడే మాత్రలు అమ్మేదాన్ని నేనే కాబట్టి ఆ జబ్బు మనిషిని ఎక్కడిదాకా తీసుకుపోతుందో నాకు బాగా తెలుసు. మంచంలో పడి, ఒకరు తినిపిస్తే తిని, వచ్చినవాళ్ళందరి చేతా అయ్యో అనిపించుకునే రోజు ఆమెకు వస్తుందేమోనని నేను లోలోపల చచ్చేదాన్ని. ఆ రోజు రాకుండానే ఆమె వెళ్ళిపోయింది. నిజానికి ఒకసారి అది గుమ్మం దాకా వచ్చింది. ఎలా వచ్చి ఎలా వెనక్కి పోయిందో చెబుదామనే ఇది రాస్తున్నాను.

ఆమె మా అమ్మకు అక్క. ఎర్రగుంట్లలో పుట్టి పెరిగింది. కడప టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరి, కర్నూలులో రిటైరైంది. పిల్లలు లేరు. పెద్దనాయన పోయాక మా ఇంటి పై పోర్షన్‌లోకి వచ్చేసింది. వంట తక్కువ, మాటలు ఎక్కువ. మనిషి సన్నంగా, పొడుగ్గా ఉండేది. ఎవరైనా తొందరపెడితే "లైన్లో ఉండు" అనేది, అది ఉద్యోగం నేర్పిన మాట. అమ్మ కింద నుంచి భోజనానికి పిలిచినా అదే జవాబు. సాయంత్రం క్లబ్బుకు పోయే టైముకు మాత్రం ఎవరూ ఆమెను లైన్లో ఉంచడానికి వీల్లేదు.

క్లబ్బు అంటే టేబుల్ టెన్నిస్ ఆడే హాలు. మా వీధి చివర ఉంది. బేతంచెర్ల బండలు పరిచిన నేల, రెండు టేబుళ్ళు, గోడకు ఆనుకుని నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. బంతి తేలిక కాబట్టి ఆడేటప్పుడు ఫ్యాన్లు ఆపాలి. మే నెల కర్నూలులో ఫ్యాన్ ఆపుకుని ఆడేవాళ్ళకు ఎంత పిచ్చి ఉండాలో మీరే ఊహించుకోండి. అందరికంటే ముందు లేచి స్విచ్చి ఆపేది పెద్దమ్మే. చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి దోపి, కొంగు నడుముకు చుట్టి, చెప్పులు గోడ వారగా విడిచి టేబుల్ ముందుకు వచ్చేది.

ఆమె ఆట మొదలైంది కడప ఎక్స్ఛేంజిలోనే. అక్కడ ఒక గదిలో టేబుల్ ఉండేదట. మగవాళ్ళు సాయంత్రాలు ఆడేవాళ్ళు, మధ్యాహ్నం ఆడ ఆపరేటర్లు దాని మీద క్యారియర్లు విప్పి అన్నం తినేవాళ్ళు. తిన్నాక తుడిచి వీళ్ళూ నాలుగు బంతులు వేసుకునేవాళ్ళు. నున్నటి రబ్బరు ఉన్న మంచి బ్యాట్లు మగవాళ్ళ బీరువాలో తాళం వేసి ఉండేవి. బయట పడి ఉన్నది ఒక్కటే. రబ్బరు నిండా పొడుగుపాటి బుడిపెలు ఉండేవి దానికి. దాన్ని పింపుల్స్ రబ్బరు అంటారు. దానితో కొడితే బంతి ఎటు పోతుందో తెలియదని ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదట. "మాకు మిగిలింది అదే. మిగిలిందాంతోనే నేర్సుకుంటిమి" అనేది పెద్దమ్మ. ఆ మాటలో ఏడుపేమీ ఉండేది కాదు, కొంచెం గొప్పే ఉండేది.

ఇక ఆమె బ్యాటు పట్టుకునే తీరు. అందరూ షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు పట్టుకుంటారు. చైనా ఆటగాళ్ళు కొందరు పెన్ను పట్టుకున్నట్టు పట్టుకుంటారని విన్నాను. ఆమెది ఈ రెండూ కాదు. పాత ఎక్స్ఛేంజిలో ఆపరేటర్లు తీగ చివర ఉండే ప్లగ్గును మూడు వేళ్ళతో గిల్లి పట్టుకుని, ఎదురుగా ఉన్న బోర్డు రంధ్రంలో గుచ్చి, లైను కలిపేవాళ్ళు. రోజంతా అదే పని. బ్యాటు పిడిని కూడా ఆమె అలాగే మూడు వేళ్ళతో గిల్లి పట్టుకునేది. బ్యాటు కిందికి వేలాడుతూ ఉండేది, చూసేవాళ్ళకు ఇప్పుడో ఇంకాసేపటికో జారి పడుతుందనిపించేది. ఒకసారి వెటరన్స్ పోటీకి కడప తీసుకుపోతే అక్కడి కోచ్ ఒకాయన చాలాసేపు చూసి, "అమ్మా, ఈ గ్రిప్పును ఏమంటారు?" అని అడిగాడు. "అలవాటు అంటారు నాయనా" అంది.

మా అమ్మకు ఈ ఆట ఎప్పుడూ అర్థం కాలేదు. ఆమె దృష్టిలో అది మొటిమల బ్యాటు. ఒక వేసవిలో ఆ బుడిపెల మధ్య మురికి పేరుకుందని, సబ్బు పెట్టి బ్రష్షుతో శుభ్రంగా రుద్ది, మిద్దె మీద వడియాల పక్కన ఎండకు పెట్టింది. మన ఎండ సంగతి చెప్పేదేముంది. సాయంత్రానికి బుడిపెలు గట్టిపడి గాజులా నున్నగా అయిపోయాయి, రబ్బరు ఒక మూల లేచిపోయింది. పెద్దమ్మ పంక్చర్ షాపుకు పోయి, సైకిల్ ట్యూబుకు వాడే సొల్యూషన్ తెచ్చి అంటించుకుంది. ఆ బ్యాటుతో బంతి ఇంతకుముందు కంటే పిచ్చిగా పోయేది. వరసగా గెలిచింది. అయితే రబ్బరును అట్లా ఎండలో కాల్చి వాడకూడదని ఆటలో రూలు ఉందని ఎవరో చెప్పగానే దాన్ని పీకి పారేసి, కొత్తది తెప్పించుకుంది. నలుగురూ "క్లబ్బులోనే కదమ్మా, ఎవరు చూస్తారు" అన్నారు. "నేను జూస్తాండా గదా" అంది. ఊరికే వచ్చిన గెలుపు ఆమెకు ఒంటబట్టదు.

క్లబ్బులో ఆమెకు అసలైన పోటీ ఖాజా అన్న. పాత బస్టాండు దగ్గర ఆటో స్పేర్ పార్టుల షాపు ఉంది ఆయనకు. యాభై దాటాయి. భుజాలు వెడల్పు, గొంతు అంతకంటే వెడల్పు. స్మాష్ కొడితే పక్క టేబుల్ వాళ్ళు ఆట ఆపి చూస్తారు. ఆ స్మాషే ఆయన కొంప ముంచేది. పింపుల్స్ రబ్బరు తనంతట తాను ఏమీ చేయదు. ఎదుటివాడు ఎంత బలంగా, ఎంత తిప్పి కొడితే, ఆ తిప్పుడును తిరగేసి వాడికే పంపిస్తుంది. ఖాజా అన్న పళ్ళు కొరికి కొట్టిన బంతిని పెద్దమ్మ ఊరికే బ్యాటు అడ్డం పెట్టి ఆపేది, అంతే. అది ఆయన వైపు పోయి, ఆయన మళ్ళీ కొట్టగానే నెట్టులో పడేది. "యా అల్లా, ఇదేం బ్యాటమ్మా! తీసి తుంగభద్రలో పారేయండి!" అని అరిచేవాడు. ఆ అరుపు వింటేనే పెద్దమ్మకు రాత్రి అన్నం రుచించేది.

జబ్బు చెయ్యి నుంచి మొదలైంది. ముందు కుడిచేతి బొటనవేలు, తర్వాత చెయ్యంతా. కాఫీ గ్లాసు సాసరు మీద చప్పుడు చేసేది. పెద్దమ్మ సాసరు తీసేయమంది. తర్వాత గ్లాసు ఎడమ చేత్తో పట్టుకోవడం మొదలుపెట్టింది. కుడి చెయ్యి కొంగు కింద దాక్కుంది. డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. ఆయన ఓపికగా చూసి, ఈ వణుకు చెయ్యి ఊరికే ఉన్నప్పుడే ఎక్కువనీ, దానికి ఒక పని చెబితే తగ్గుతుందనీ అన్నాడు. "ఆట మానొద్దమ్మా, ఆడినన్ని రోజులు ఆడండి" అన్నాడు. బయటికి వచ్చాక పెద్దమ్మ, "ఇనపడిందా? ఆడమన్నాడు. మీ అమ్మకు జెప్పు" అంది.

నిజంగానే అంతే. బంతి కోసం ఎదురుచూసేటప్పుడు ఆమె చెయ్యి టేబుల్ అంచు దగ్గర టకటకా కొట్టుకునేది. బంతి వచ్చే సరికి నిలబడేది. చూసేవాళ్ళకు మాత్రం ఆ ఎదురుచూసే చెయ్యే కనపడేది.

ఇక్కడే మా అమ్మ రంగంలోకి దిగింది. ఒక రోజు మాకెవరికీ చెప్పకుండా పెద్ద స్టీలు డబ్బా నిండా బొరుగులతో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు చేసుకుని, పెద్దమ్మ ఇంకా బయల్దేరక ముందే క్లబ్బుకు పోయింది. అందరికీ విస్తరాకుల్లో పెట్టింది. వాళ్ళు తింటుంటే, "మా అక్కకు ముందు మాదిరి శాతగాదు నాయనా. మీ పెద్దమ్మే అనుకోని కొంచెం మెల్లగా ఏయండి" అని చెప్పి, డబ్బా కడుక్కుని వచ్చేసింది. మా ఊళ్ళో ఎవరైనా ఇంటి నుంచి ఉగ్గాని తెచ్చి చేతిలో పెట్టి ఒక మాట అడిగితే కాదనేవాడు ఉండడు. వాళ్ళూ కాదనలేదు.

ఆ వారం నుంచి పెద్దమ్మ వరసగా గెలవడం మొదలుపెట్టింది. నేను సాయంత్రం షాపు నుంచి వచ్చి "ఈ రోజు ఎట్ల?" అంటే "గెలిస్తి" అనేది, గెలిచిన మొహం మాత్రం కాదది. అన్నం సగం తిని లేచేది. నాకు అర్థం కాలేదు. ఒకరోజు గట్టిగా అడిగాను.

"టేబుల్ మీదికి బాలు చచ్చిపోయి వస్తాందే" అంది. "వాళ్ళు కొడతాలేరు. ఊరికే అట్ల తోస్తాండారు, పసిపిల్లోనికి ఏసినట్ల. నా బ్యాటు సంగతి నీకు తెలుసు గదా. వాళ్ళు ఇచ్చిందే నేను తిప్పి ఇచ్చేది. వాళ్ళేం ఇయ్యకపోతే నేనేం జేసేది? నేను మెత్తగా యేస్తా, వాళ్ళు గావాలనే బయటికి కొడ్తారు. మళ్ళ సప్పట్లు గూడ."

మర్నాటి నుంచి క్లబ్బుకు పోలేదు. ఒళ్ళు బాగాలేదంది. తర్వాత ఎండ అంది. తర్వాత ఏ కారణమూ చెప్పలేదు. పై పోర్షన్‌లో కిటికీ దగ్గర కూర్చుని, కుడి చెయ్యి కొంగు కింద పెట్టుకుని, ఎవరైనా మెట్లెక్కి వస్తే అటు తిరిగేది. బంధువులు వస్తే నిద్ర పోతున్నట్టు పండుకునేది. మనిషి మాట తగ్గిపోయింది. నాకు అప్పుడు నిజంగా భయం వేసింది. జబ్బు ఇంకా ఆమెను మంచంలో వేయలేదు. కానీ ఆమె తనే పోయి మంచంలో పడుకునేట్టుంది.

నేను ఖాజా అన్న షాపుకు పోయాను. "అన్నా, మీరెందుకు ఆమెకు మెల్లగా వేస్తున్నారు?" అని సూటిగా అడిగాను. ఆయన చేతిలో ఉన్న క్లచ్ ప్లేటు కింద పెట్టి, కాసేపు తల గోక్కుని, ఉగ్గాని సంగతి అంతా చెప్పేశాడు.

"మీయమ్మ అట్ల అడిగినాక ఎట్ల కొట్టేది పాపా? ఐనా ఆ సెయ్యి జూస్తే నాకే కొట్టబుద్ధి గాదు" అన్నాడు.

"బంతి వచ్చేటప్పుడు ఆ చెయ్యి నిలబడుతుంది అన్నా. డాక్టరు చెప్పినాడు. కావాలంటే చూడండి."

"నేను బాలు జూస్తానా, సెయ్యి జూస్తానా?" అని ఆయన నన్నే అడిగాడు. పాపం, ఆయన తప్పేముంది.

ఇంటికి వచ్చి పెద్దమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. చెప్పక ఏం చేయను? ఆమె మెట్లు దిగి నేరుగా వంటింట్లోకి పోయింది. అమ్మ బియ్యం ఏరుతోంది.

"ఉగ్గాని పెట్టి నన్ను గెలిపిస్తాండావా?"

అమ్మ చేట పక్కన పెట్టింది. "ఏమిప్పుడు? నీ సెయ్యి అట్ల కొట్టుకుంటాంటే సూడల్యాక జెప్పినా. తప్పా?"

"సూడొద్దు. కండ్లు మూసుకో."

"కండ్లు మూసుకుంటే నువ్వు కనపడకపోతావా నాకు? చిన్నప్పుడు నాకు జొరమొస్తే ఎర్రగుంట్లలో ఆసుపత్రి దాకా భుజానేసుకోని పోయింది ఎవురు? నువ్వు గాదా? ఇప్పుడు నేను నీకు ఈ మాత్రం జేయగూడదా?"

"భుజానేసుకోని పోయినా, నిజమే. దారంతా దున్నపోతులా బరువుండావని తిట్టుకుంటా పోయినా. అయ్యో పాపం అన్నానా ఒక్కసారన్నా?"

అమ్మకు కోపం వచ్చిందో నవ్వు వచ్చిందో ఆమెకే తెలియలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, "అన్లా. తిట్నావు. గిల్లినావు గూడ" అంది. ఆ తర్వాత ఇద్దరూ కాసేపు ఏడ్చారు. నేను గుమ్మం దగ్గర నిలబడి, నాకు తెలియకుండానే ఆ బియ్యం ఏరడం మొదలుపెట్టాను.

ఆ సాయంత్రమే పెద్దమ్మ క్లబ్బుకు వచ్చింది. అమ్మ కూడా వెంట వచ్చింది, ఖాళీ చేతులతో. పెద్దమ్మ ఫ్యాన్ స్విచ్చి ఆపి, బ్యాటు మూడు వేళ్ళతో గిల్లి పట్టుకుని, ఖాజా అన్న ఎదుట నిలబడింది. చెయ్యి కొట్టుకుంటోంది. ఆమె దాన్ని దాచలేదు.

"మా చెల్లెలు పెట్టిన ఉగ్గాని అరిగిందా, ఖాజా?"

"అరిగిందమ్మా."

"అరిగింటే కొట్టు."

ఖాజా అన్న నా వైపు చూశాడు, మా అమ్మ వైపు చూశాడు. తర్వాత ఆయనకు ఏమనిపించిందో, పెద్దమ్మ సర్వీసు చేసిన బంతిని లాగి ఒక్కటి కొట్టాడు. అది నేరుగా పోయి పెద్దమ్మ మెడ కింద ఎముక మీద తగిలింది. "అయ్యో" అని అమ్మ అరిచింది. ఖాజా అన్న బ్యాటు వదిలేసి రాబోయాడు.

"యాడికొస్తాండావు? ఆడనే ఉండు." పెద్దమ్మ ఎర్రగా కందిన చోట అరచేత్తో రుద్దుకుంది. వంగి బంతి తీసుకుని దాన్ని చూసుకుంది. "ఆ, ఇప్పుడు బతికొచ్చింది బాలు" అంది.

రెండో స్మాష్ ఆమె ఆపింది. మూడోది కూడా. నాలుగోదానికి బంతి వెనక్కి పోయి, ఖాజా అన్న విసురుగా కొట్టగానే నెట్టులో పడింది. ఆయన బ్యాటుతో టేబుల్ అంచు మీద ఒక్కటిచ్చి, "యా అల్లా! ఆ మొటిమల బ్యాటు..." అని గావుకేక పెట్టాడు. నిజమైన కోపమది, నటన కాదు. ఆయన ఆమె చెయ్యి మర్చిపోయాడు. ఆ కోపం చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది. పక్కన చూస్తే మా అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నగుతోంది.

ఆ రోజు పెద్దమ్మ ఓడిపోయింది. ఇంటికి వచ్చి రెండు సార్లు అన్నం పెట్టించుకుంది.

ఆ తర్వాత రెండేళ్ళు ఆడింది. నడక మెల్లగైంది, గొంతు సన్నబడింది, టేబుల్ పక్కకు ఉరకడం మానేసి నిలబడ్డ చోటి నుంచే ఆడేది. ఎక్కువ ఓడిపోయేది. ఓడినప్పుడల్లా ఎందుకు ఓడిందో దారిపొడుగునా నాకు వివరించేది. మధ్యలో ఒకసారి అమ్మ మళ్ళీ ఉగ్గాని పంపింది. ఈసారి మాత్రం ఏమీ అడగలేదు, ఊరికే తినమంది. ఖాజా అన్న నమ్మలేక డబ్బా మూత తీసి చాలాసేపు చూశాడట.

ఆమెను శ్మశానానికి తీసుకుపోయే ముందు ఖాజా అన్న ఇంటికి వచ్చాడు. వాకిట్లో చెప్పులు విడిచి, దూరంగా నిలబడ్డాడు. అమ్మ ఆయన్ను చూసి బావురుమంది. ఆయన దగ్గరికి వచ్చి, "ఒక్కటి గూడ మెల్లగా ఏయలేదమ్మా. ఆ దినం నుంచి ఒక్కటి గూడ. అల్లా మీద ఒట్టు" అన్నాడు. అమ్మ తల ఊపింది. నాకు పొద్దున వచ్చిన ఊపిరి అమ్మకు అప్పుడు వచ్చినట్టుంది. కళ్ళు తుడుచుకుని లేచి, చేయాల్సిన పనులు చూసుకుంది.

ఆమె పోయిన దానికి ముందు రోజు సాయంత్రం నేనే క్లబ్బు నుంచి తీసుకొచ్చాను. చివరి గేములో ఖాజా అన్న కొట్టిన బంతి టేబుల్ అంచుకు తగిలిందా లేదా అని ఇద్దరికీ పెద్ద జగడం. తగిలిందని ఆయన, తగల్లేదని ఈమె. నేను స్కూటీ స్టార్ట్ చేసినా పెద్దమ్మ ఊరుకోలేదు. వెనక సీట్లో సగం తిరిగి కూర్చుని, ఉన్న కాస్త గొంతుతో "తగల్లా ఖాజా! నా కండ్లు బానే ఉండాయి! రేపు రా, జెప్తా నీ పని!" అని అరుస్తోంది. క్లబ్బు మెట్ల మీద నిలబడి ఆయన రెండు చేతులూ ఎత్తి "తగిలింది, తగిలింది" అంటున్నాడు. సరిగ్గా కూర్చో పెద్దమ్మా, పడతావు అని నేను మొత్తుకుంటూ అద్దంలో చూశాను. కుడి చెయ్యి నిండుగా బయటికి చాపి ఉంది. చూపుడువేలు గాలిలో దాని ఇష్టం వచ్చినట్టు వణుకుతూ, ఖాజా అన్నను బెదిరిస్తోంది. వీధిలో పక్కన ఆగి ఉన్న ఆటో అతను అది చూసి నవ్వాడు. పెద్దమ్మ అతనికీ వేలు చూపించింది.